ఏమీ కనిపించని దెయ్యం సినిమాని ఎలా తూచాలి: ‘ది హాంటింగ్’ (1963)

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: గొప్ప దెయ్యం సినిమా అని అందరూ చెప్తే రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’ చూశారు. దాదాపు రెండు గంటల్లో ఒక్క దెయ్యమూ కనపడలేదు. ఒక తలుపు ఉబ్బింది, అంతే. పాతది కాబట్టి మొహమాటానికి పొగుడుతున్నారా, నిజంగానే సరుకుందా? ఇలా నిదానంగా నడిచే సినిమాల్ని ఏ లెక్కన అంచనా వేయాలి?

సరుకుంది. అయితే పొగిడేవాళ్లలో సగంమంది తప్పు కారణానికి పొగుడుతున్నారు, అది కూడా నిజమే. ముగింపు బయటపెట్టకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం కుదరదు. సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ముందు ‘నిదానం’ అనే మాట సంగతి తేల్చుకుందాం. నిదానంగా నడిచే సినిమాలు రెండు రకాలు. ఒకదాంట్లో దర్శకుడు దగ్గరున్నది దాచిపెట్టి కాలయాపన చేస్తాడు. రెండోదాంట్లో చుక్కా చుక్కా పడి కుండ నిండుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, గడియారం చూసి తేడా పట్టుకోలేం. పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. సినిమాలో జరిగిన వింత సంఘటనలన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు నింపండి. ఇది జరిగాక, ‘ఏం జరుగుతోంది’ అన్నదానికి మనం అనుకుంటున్న సమాధానాల్లో ఏది కొట్టుకుపోయింది? ముఖ్యపాత్రకి ఏం దక్కింది, లేదా ఏం పోయింది? తర్వాత ఏ రెండు సంఘటనలనైనా తారుమారు చేసి చూడండి. కథకి ఏమీ కాకపోతే అది కాలయాపనే. కథ కూలిపోతే ఆ నిదానానికి పని ఉన్నట్టు.

ఈ సినిమా నిడివి 112 నిమిషాలు. పెద్ద సంఘటనలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటి రాత్రి తలుపుల మీద బాదుడు, గోడ మీద సుద్దతో ‘ఎలినార్ ఇంటికి చేరేలా సాయం చెయ్యండి’ అన్న రాత, పిల్లల గది ముందు ఒక్కచోటే గడ్డకట్టించే చలి, చీకట్లో పట్టుకున్న చెయ్యి, హాల్లో ఉబ్బిన తలుపు, లైబ్రరీలో మెట్లు, చివర్లో కారు. సినిమా సుమారు మూడో వంతు గడిచేదాకా మొదటి బాదుడే మొదలవదు. మీకు విసుగు పుట్టింది ఈ మూడో వంతులోనే అయ్యుంటుంది. అక్కడేం జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

దెయ్యాల మీద పరిశోధనకి ఎలినార్, థియో, లూక్‌లతో కలిసి హిల్ హౌస్ అనే పాత ఇంట్లో దిగుతాడు డాక్టర్ మార్క్‌వే (రిచర్డ్ జాన్సన్). మొదట్లో అతను ఆ ఇంటి చరిత్ర చెప్తాడు. హ్యూ క్రెయిన్ కట్టిన ఇల్లు. అతని మొదటి భార్య ఇల్లు చూడకముందే బండి చెట్టుకి కొట్టుకుని చనిపోయింది. రెండో భార్య మెట్ల మీంచి పడి పోయింది. కూతురు అబిగేల్ పిల్లల గదిలోనే ముసలిదై, సాయం కోసం చేతికర్రతో గోడ మీద కొడుతూ చనిపోయింది. అప్పుడు ఆమెని చూసుకోవాల్సిన తోడుమనిషి ఒక మగాడితో ముచ్చట్లలో ఉంది. ఆస్తి ఆమెకే దక్కింది, ఆఖరికి ఆమె లైబ్రరీ మెట్ల దగ్గర ఉరేసుకుంది. ఆ తర్వాత ఎలినార్ (జూలీ హారిస్) గురించి తెలుస్తుంది. మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి చాకిరీ చేసిన మనిషి. తల్లి గోడ మీద కొట్టి పిలిచేది. చనిపోయిన రాత్రి కూడా కొట్టింది, ఎలినార్ వెళ్లలేదు.

ఇప్పుడు మొదటి రాత్రి చూడండి. బాదుడు వినిపించి సగం నిద్రలో లేచిన ఎలినార్, తల్లి పిలుస్తోందనే అనుకుంటుంది. భయం ఆ చప్పుడులో కంటే ఈ పొరపాటులో ఎక్కువుంది. ఇల్లు ఆమె నేరాన్ని ఆమె భాషలోనే తట్టి లేపుతోంది. మొదటి మూడో వంతు తీసేసి బాదుడుతోనే సినిమా మొదలెడితే మిగిలేది చప్పుడే.

సమాధానాల పట్టీ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది నెల్సన్ గిడ్డింగ్. మూలం షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ నవల. ఇదంతా ఒక స్త్రీ మతి చెదరడం గురించేనేమో, ఆ ఇల్లు నిజానికి పిచ్చాసుపత్రేమో అని గిడ్డింగ్‌కి అనిపించి జాక్సన్‌నే అడిగారు. ఆలోచన బాగుంది గానీ తను రాసింది అతీంద్రియ శక్తి గురించేనని ఆవిడ చెప్పారు. సినిమా ఈ రెండు అర్థాల మధ్య తాడు మీద నడుస్తుంది. నడక ఎక్కడ ఎటు వాలుతుందో సంఘటనల వరస చూస్తే తెలుస్తుంది. మొదటి రాత్రి బాదుడు ఎలినార్‌తో పాటు థియో (క్లెయిర్ బ్లూమ్) కూడా వింటుంది, కాబట్టి ‘ఒక్కర్తి భ్రమ’ అన్న సమాధానం వెంటనే చచ్చిపోతుంది. కానీ మగవాళ్లిద్దరూ అప్పుడు బయట కుక్కలాంటిదేదో కనిపిస్తే తరుముతూ ఉంటారు, వాళ్లకేమీ వినపడలేదు. సుద్దరాత అందరికీ కనిపిస్తుంది. అయితే రాయడం ఎవరైనా చెయ్యగల పని, అనుమానం మనుషుల మీదికి మళ్లుతుంది. చెయ్యి సీను, అంటే చీకట్లో థియో చెయ్యి అనుకుని ఇంకేదో పట్టుకోవడం, ఒక్క ఎలినార్‌కే అనుభవం. చచ్చిందనుకున్న భ్రమ అనే సమాధానం మళ్లీ లేచి కూర్చుంటుంది. ఆ తర్వాతే హాల్లో నలుగురి కళ్ల ముందూ తలుపు ఉబ్బుతుంది.

చెయ్యి సీనునీ తలుపు సీనునీ తారుమారు చేసి చూడండి. నలుగురూ చూశాక వచ్చే చెయ్యి సీనులో అనుమానానికి తావే లేదు, అది ఇంకో దెయ్యం చేష్ట అంతే. ఇప్పుడున్న వరసలో మాత్రం ఎలినార్‌ని ఎంత నమ్మాలో తేలని స్థితిలో మనం ఆమె పక్కన పడుకుని ఉంటాం. పైన చెప్పిన పరీక్షలో ఈ సినిమా నెగ్గేది ఇక్కడే. దీని గొప్పతనం ఒక్క ముక్కలో చెప్పమంటే వరసే అని చెప్పాలి.

‘లాభనష్టాల’ గడి కూడా నింపండి, ఒక వింత కనిపిస్తుంది. ప్రతి సంఘటనలోనూ ఎలినార్‌కి ఏదో ఒకటి దక్కుతోంది. సుద్దరాతలో ఆమె పేరుంది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆమెని పేరు పెట్టి పిలిచి రమ్మంటున్నారు. భయపడుతూనే ఆమె మురిసిపోతోంది. హారిస్ మొహంలో ఈ రెండూ ఒకేసారి నడుస్తాయి. బతుకంతా బయటే నిలబడ్డ మనిషికి లోపలికి రమ్మనే ఇల్లు దొరికింది. కుండ ఇలా నిండుతోంది కాబట్టే చివర్లో ఆమె వెళ్లనని మొండికేయడం మనకి వింతగా తోచదు.

ఇక ధ్వని. బాదుడు సీనులో తెర మీద ఏముంది? మంచం మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒక తలుపు, గోడలు, మెల్లగా తిరిగే తలుపు పిడి. మిగతాదంతా చప్పుడే. దూరంగా మొదలై, ఒక్కో తలుపూ తడుతూ దగ్గరికొచ్చి, వీళ్ల తలుపు ముందు ఆగుతుంది. ఆ శబ్దాలు ముందే తయారుచేసి, షూటింగ్ జరుగుతున్నప్పుడు సెట్‌లో వినిపించారు. నటుల చూపు చప్పుడు వెంట కచ్చితంగా తిరగడానికి కారణం అదే. దీన్ని పరీక్షించడం తేలిక. ఆ సీను ఒకసారి మ్యూట్‌లో చూడండి, ఇంకోసారి కళ్లు మూసుకుని వినండి. మ్యూట్‌లో ఇద్దరు బెదిరిన మనుషులే మిగులుతారు. కళ్లు మూసుకుంటే నడవా పొడవు, తలుపుల వరస, వస్తున్నదాని బరువు అన్నీ తెలుస్తాయి. ఏ దెయ్యం సినిమాకైనా ఈ పరీక్ష పెట్టొచ్చు. చాలా సినిమాల్లో కళ్లు మూసుకుంటే వినిపించేది నేపథ్య సంగీతమే, సీను వినపడదు.

చప్పుడుతో భయపెట్టే ఈ విద్య వైజ్‌కి ఊరికే రాలేదు. హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ స్టూడియోలో వాల్ లూటన్ నిర్మాతగా చవకలో తీసిన భయానక చిత్రాల్లో ఆయన దర్శకుడిగా ఓనమాలు దిద్దుకున్నారు, ‘ది బాడీ స్నాచర్’ (1945) వాటిలో ఒకటి. చూపించడానికి డబ్బుల్లేనప్పుడు చప్పుడూ నీడా ఎలా వాడాలో అక్కడ నేర్పేవారు. అంతకుముందు ‘సిటిజన్ కేన్’ (1941)కి ఆయనే ఎడిటర్. పైకప్పులు కనిపించేలా కింది నుంచి తీసిన షాట్లు ‘ది హాంటింగ్’లో చూసినప్పుడు ఆ వాసన తగులుతుంది. ఇక్కడ కూడా గదులకి పైకప్పులు కట్టించారు. మామూలుగా స్టూడియో సెట్లకి కప్పుండదు, లైట్లు పైనుంచి వేలాడతాయి. కప్పు కనిపించగానే గది మూత పెట్టిన పెట్టెలా అవుతుంది.

దీన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది ‘చీకటి మూలలు, నీడలు’ అంటుంటారు. నిజానికి ఎలియట్ స్కాట్ వేసిన ఈ సెట్లు బాగా వెలుతురు పడేలా, మూలల్లో చీకటి లేకుండా తయారైనవి. నిండా నగిషీలు, అద్దాలు, బొమ్మలు. చీకట్లో ఏదో దాక్కుందన్న భయం కాదిది, అంతా వెలుగులోనే ఉన్నా ఏదో సరిగ్గా లేదన్న భయం. ఆ ఇంట్లో ఒక్క మూలమట్టమైన కోణమూ లేదనీ, తలుపులు వాటంతటవే మూసుకోవడానికి అదే కారణమనీ మార్క్‌వే చెప్తాడు. ఆ మాటని కెమెరా కూడా నిలబెట్టింది. వైజ్‌కి మామూలుకంటే వెడల్పుగా చూసే లెన్స్ కావాల్సివచ్చింది. కెమెరా లెన్సులు తయారుచేసే పానావిజన్ కంపెనీ దగ్గర 30 ఎం.ఎం. అనమార్ఫిక్ లెన్స్ (వెడల్పు తెర కోసం బొమ్మని పక్కల నుంచి నొక్కి తీసేది) ఉంది గానీ, అది బొమ్మని వంకర చేస్తోందని ఇంకా బయటికి ఇవ్వలేదు. ఆ లోపం సంగతి తనకి తెలుసని సంతకం పెట్టి మరీ వైజ్ తీసుకున్నారు. గోడలూ దూలాలూ ఫ్రేమ్ అంచుల దగ్గర వంగి కనిపించేది అందుకే. కెమెరా పక్కకి తిరుగుతున్నప్పుడు అంచుల్ని గమనించండి, గది ఊపిరి పీల్చినట్టుంటుంది.

బయటి ఇల్లు ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్‌లోని ఎటింగ్టన్ పార్క్. కథ అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో జరుగుతుంది, తీసింది మాత్రం ఎటింగ్టన్ పార్క్‌లోనూ, ఇంగ్లండ్‌లోనే బోరమ్‌వుడ్‌లో ఉన్న ఎంజీఎం బ్రిటిష్ స్టూడియోలోనూ. బడ్జెట్ 10 లక్షల డాలర్లకి కాస్త పైన, అంత డబ్బుతో పని ఇంగ్లండ్‌లోనే కుదిరింది. ఇంటి బయటి షాట్లు కొన్ని ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము (కంటికి కనపడని కిరణాలని పట్టుకునేది) మీద తీశారు. రాతిగోడల చారలు చర్మం మీద ముడతల్లా తేలడం దాని ఫలితమే.

ఇక ఆ తలుపు. పలుచని చెక్క పొరలు అతికించి చేసిన తలుపు, వెనక నుంచి ఒక మనిషి బలంగా నెట్టాడు. గుట్టు అంతే. అంత చవకైన పని ఎందుకు పనిచేసింది? అప్పటిదాకా ఇల్లు చప్పుడే చేసింది, మొదటిసారి కదిలింది. అదీ చెక్కలాంటి గట్టి వస్తువు తోలులా సాగింది. 1999లో ఇదే కథని మళ్లీ తీసినప్పుడు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చెక్కడాలు కదిలాయి, మొహాలు పుట్టాయి, ఇల్లంతా మనుషుల మీద పడింది. ఒకసారి కంటికి కనిపించాక దానికొక కొలత ఏర్పడుతుంది. ఇంతుంది, ఇటు నుంచి వస్తోంది, ఇలా తప్పించుకోవచ్చు అని మనసు లెక్కలు కడుతుంది. తలుపు అవతల నెడుతున్నదానికి కొలత లేదు.

అలాగని ‘చూపించకపోవడమే గొప్ప’ అని సూత్రం కట్టేస్తే పప్పులో కాలేసినట్టే. సరిగ్గా రెండేళ్ల ముందు, 1961లో వచ్చిన జాక్ క్లేటన్ ‘ది ఇన్నోసెంట్స్’ ఇదే కోవలోది. అందులో ఆకారాలు కనిపిస్తాయి, చెరువు అవతల రెల్లు మధ్య పట్టపగలు ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. అయినా అనుమానం చావదు. అక్కడ తెలియాల్సింది ఆకారం ఉందా లేదా అని కాదు, పిల్లలని చూసుకునే ఆవిడకి తప్ప ఇంకెవరికైనా కనిపిస్తోందా అని. రెండు సినిమాలూ పక్కపక్కన చూస్తే, చూపడం, దాచడం కన్నా ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదే కీలకమని తేలిపోతుంది. నన్నడిగితే అనుమానాన్ని చివరిదాకా మోయడంలో ‘ది ఇన్నోసెంట్స్’ ఒక మెట్టు పైన, చప్పుడులో ‘ది హాంటింగ్’కి సాటి లేదు.

లోపాలు కూడా చెప్పుకోవాలి, లేకపోతే అది అంచనా కాదు, భజన. మొదటిది ఎలినార్ వాయిస్ ఓవర్. కారులో ఒంటరిగా వస్తున్నప్పుడు అది అవసరమే, ఆమె ఎంత ఒంటరిదో ఆ మాటల్లోనే తెలుస్తుంది. కానీ ఇంట్లోకి వచ్చాక హారిస్ మొహం చెప్పేసిన సంగతే గొంతు మళ్లీ చెప్తుంది. రెండో సగంలో ఆ వాక్యాల్లో కొన్ని తీసేస్తే సినిమా బిగుస్తుంది. రెండోది ఇంటి వారసుడు లూక్ (రస్ టాంబ్లిన్) చతుర్లు. మొదటి రాత్రికి ముందు ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాయి, తర్వాత అదే తాళం. మార్క్‌వే ఉపన్యాసాలు ఈ కాలానికి మరీ బడిపాఠంలా ఉంటాయి. హంఫ్రీ సెర్ల్ సంగీతం మొదట్లో అవసరానికి మించి అరుస్తుంది. రాత్రి సీన్లలో మౌనం అంత బరువుగా అనిపించడానికి కొంత ఇది కూడా కారణమేమో గానీ, అది సమర్థింపు కాదు.

మార్క్‌వే భార్య గ్రేస్ (లోయిస్ మాక్స్‌వెల్) రాకే అన్నిటికంటే పెద్ద చిక్కు. కథ వేడెక్కాక ఊడిపడుతుంది, మాయమవుతుంది, లైబ్రరీ మెట్లెక్కిన ఎలినార్‌కి పైకప్పు తలుపులోంచి ఠక్కున మొహం చూపిస్తుంది. సినిమా మొత్తంలో అచ్చమైన జంప్ స్కేర్, అంటే ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే ఎత్తు, అదొక్కటే. మొదటిసారి చూసినప్పుడు ఇది చౌకబారుగా అనిపించడం సహజం. కానీ ఆఖర్లో కారు ముందుకి పరిగెత్తి వచ్చేది కూడా గ్రేసే. అంటే ఎలినార్ చనిపోయే ఆ ప్రమాదంలో కారు చెట్టుకి కొట్టుకోవడానికి మామూలు కారణం ఒకటి దొరికింది. స్టీరింగ్ ఎవరో లాక్కుంటున్నట్టు ఎలినార్ పెనుగులాడటమూ చూశాం. రెండు సమాధానాలూ చివరి నిమిషందాకా బతికే ఉన్నాయి. పాత్రగా గ్రేస్ పలుచన, పట్టీలో గడిగా మాత్రం తప్పనిసరి.

మళ్లీ చూడాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. ఈ సినిమా నచ్చకపోవడానికి సగం కారణం టీవీ సెట్టింగులే అయ్యుండొచ్చు. ఫ్రేమ్ నిష్పత్తి 2.35:1, అంటే పైనా కిందా నల్లపట్టీలు రావాలి. తెర నిండిపోయిందంటే పక్కలు కోసేశారన్నమాట, లెన్స్ వంపులన్నీ అక్కడే ఉన్నాయి. కదలికని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. దానితో పాత ఫిల్ము టీవీ సీరియల్‌లా తయారవుతుంది. బ్రైట్‌నెస్ పెంచకండి, నలుపు బూడిదవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ‘నైట్ మోడ్’ అనో ‘ఆటో వాల్యూమ్’ అనో ఉండే శబ్దపు సెట్టింగ్ తీసేయాలి. అది చిన్న చప్పుడుని పెంచి, పెద్ద చప్పుడుని అణిచి రెంటినీ సమం చేస్తుంది. బాదుడు దగ్గరికొస్తున్న భావమే చచ్చిపోతుంది. పనిమనిషి మిసెస్ డడ్లీ, చీకట్లో, రాత్రివేళ అరిచినా ఎవరికీ వినపడదని చెప్పే సీను దగ్గర మాటలు హాయిగా వినపడేలా వాల్యూమ్ పెట్టుకుని, ఇక రిమోట్ ముట్టుకోకండి. సౌండ్ మోనోలో ఉంటుంది, సరౌండ్ ఎఫెక్టులు జోడించొద్దు. చప్పుడు గది వెనక నుంచి వస్తే నటులు చూసే దిక్కుతో పొసగదు. మధ్యలో ఆపకుండా ఒకే కూర్చోవడంలో చూడాలి. మొదటి మూడో వంతు ఒకరోజు, మిగతాది ఇంకోరోజు చూస్తే కుండకి చిల్లు పడ్డట్టే.

రెండోసారి చూసేటప్పుడు ఇల్లు ఎక్కడి నుంచి చూస్తోందో గమనించండి. ఎలినార్ గేటు దాటి వచ్చి ఇంటిని చూస్తుంది, వెంటనే కెమెరా పై నుంచి ఆమెని చూస్తుంది. అక్కడ కిటికీ తప్ప మనిషి లేడు. ఇలా మనిషి లేని చోటి నుంచి తీసిన షాట్లు వస్తూనే ఉంటాయి. వాటిని విడిగా లెక్కపెడుతూ వెళ్తే ఇల్లు ఒక పాత్ర అన్న అరిగిపోయిన మాటకి ఇక్కడ కొలవదగ్గ అర్థం దొరుకుతుంది. ఎలినార్ బట్టలు కూడా చూడండి. నలుపు దుస్తుల్లో మెరిసే థియో పక్కన, ఆమె బట్టలు గోడ రంగులో కలిసిపోతుంటాయి. థియో దుస్తులు రూపొందించింది లండన్ ఫ్యాషన్ డిజైనర్ మేరీ క్వాంట్.

‘నాకు భయం వెయ్యలేదు కాబట్టి సినిమా బాలేదు’ అన్న వాదన మీద ఎక్కువ మాట్లాడేందుకు ఏమీ లేదు. భయం చూసేవాడి వయసుని బట్టి, గదిని బట్టి, ఆ రోజు నిద్రని బట్టి మారుతుంది. అది నిజమైన అనుభవమే, అంచనాకి మాత్రం కొలబద్ద కాలేదు. పైన చెప్పిన పట్టీ నింపాక కూడా మీకు ఎలినార్ మీద ఏమీ కలగకపోతే సినిమా మీ విషయంలో ఓడిపోయినట్టే, అందులో మొహమాటం అక్కర్లేదు.

పట్టీలో చివరి గడి నింపేముందు సినిమా మొదటి మాటలూ చివరి మాటలూ ఒకదాని వెంట ఒకటి వినండి. మొదట మార్క్‌వే గొంతు, ఆ ఇంట్లో నడిచేది ఏదైనా ఒంటరిగానే నడిచేదని అంటుంది. చివర్లో దాదాపు అదే వాక్యం ఎలినార్ గొంతులో వస్తుంది, ఒక్క మాట మారి: ఇక్కడ నడిచే ‘మేము’ ఒంటరిగా నడుస్తాం అని. ఇల్లు ఆమెని చేర్చుకుంది. అయినా ఒంటరిగానే.